బ్యాటరీ చచ్చిపోతే ఏమవుతుంది? (పాత రేంజ్‌ఫైండర్ కొనబోయేవాళ్ళకి)

మన క్యాంపస్‌లో ఈ ఏడాది ఫిల్మ్ కెమెరాల జ్వరం బాగా ముదిరింది. ఫెస్ట్ రోజున నేను లెక్కపెడితే నలుగురి మెడల్లో కనబడ్డాయి. చూసినవాళ్ళు నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "టూర్‌కి తీసుకెళ్ళడానికి చిన్న పాత కెమెరా ఏది కొనాలి?" వాయిస్ మెసేజ్‌లు పెట్టీ పెట్టీ గొంతు పోయింది. అందుకే ఇక్కడ రాసేస్తున్నా. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియమే, కెమెరాల గురించి చదివిందంతా ఇంగ్లీషులోనే. కాబట్టి షట్టర్‌ని షట్టర్ అనే అంటాను, లెన్స్‌ని కటకం అనను. తెలుగు సార్ క్షమించాలి.

ముందు ఏ జాతి కెమెరానో తేల్చుకుందాం. లెన్స్ ఊడదీయడానికి వీల్లేని, మామూలు 35 ఎం.ఎం. ఫిల్మ్ వాడే, రేంజ్‌ఫైండర్ ఉన్న జపాన్ కెమెరాలు. 1960లు, 70లలో ఇవి బోలెడు వచ్చాయి. మన ఇళ్ళలో అటక మీద దొరికే యాషికా ఎంఎఫ్-2 ఈ జాతి కాదు. అందులో ఫోకస్ అనేదే ఉండదు, ఫ్యాక్టరీలో ఒక దూరానికి బిగించేసి పంపారు. ఒలింపస్ ట్రిప్ 35 కూడా కాదు. అది మంచి కెమెరాయే, బ్యాటరీ కూడా అక్కర్లేదు, కానీ దూరాన్ని మనం అంచనా వేసి తిప్పాలి. రేంజ్‌ఫైండర్ అంటే ఆ దూరాన్ని కెమెరాయే కొలిచి చూపించేది.

ఎలా కొలుస్తుందంటే, చూపుడు వేలు ముక్కు ముందు పెట్టుకుని ఒకసారి ఎడమకన్ను, ఒకసారి కుడికన్ను మూయండి. వేలు పక్కకి గెంతుతుంది. చెయ్యి చాపి దూరంగా పెడితే ఆ గెంతు తగ్గుతుంది. కెమెరా ముందు వైపు చూస్తే రెండు కిటికీలుంటాయి, కొన్ని సెంటీమీటర్ల ఎడంగా. పెద్దదాంట్లోంచి మనం చూస్తాం. చిన్నదాంట్లోంచి వచ్చిన బొమ్మని ఒక అద్దం పక్కకి మళ్ళించి, సగం వెలుతురు మాత్రమే దాటనిచ్చే ఇంకో అద్దం మీదుగా మన కంటికే పంపిస్తుంది. అందుకే మధ్యలో పసుపుపచ్చగా ఒక చిన్న మచ్చ, దాంట్లో మనిషి ఇద్దరుగా కనబడతారు. లెన్స్ రింగు తిప్పుతుంటే లోపలి లివర్ అద్దాన్ని కదుపుతుంది. ఇద్దరూ ఒక్కరైపోయిన చోట ఫోకస్ కుదిరినట్టు.

కంప్యూటర్ విజన్ చదివినవాళ్ళకి ఈపాటికి వెలిగి ఉంటుంది. స్టీరియో డెప్త్ అన్నమాట. రెండు కళ్ళ మధ్య దూరం తెలుసు, రెండు బొమ్మల మధ్య తేడా తెలుసు, వస్తువు ఎంత దూరంలో ఉందో లెక్క తేలిపోతుంది. ఇక్కడ ప్రాసెసర్ లేదు, అంతే. ఒక అద్దం, ఒక లివర్, మన కన్ను. రెండు కిటికీల మధ్య ఎడం ఎంత ఎక్కువ ఉంటే కొలత అంత కచ్చితంగా వస్తుంది. అందుకే మరీ బుల్లి కెమెరాలో పెద్ద లెన్స్ పెట్టడం కష్టం.

లెన్స్ ఊడదు కాబట్టి షట్టర్‌ని లెన్స్ లోపలే పెట్టేశారు. దాన్ని లీఫ్ షట్టర్ అంటారు. పువ్వు రేకుల్లాంటి పలచటి బ్లేడ్లు తెరుచుకుని మూసుకుంటాయి. ఎస్‌ఎల్‌ఆర్‌లో ప్రతి ఫొటోకీ ఒక అద్దం టపీమని పైకి లేచి పడుతుంది, ఇందులో అదేం లేదు. చప్పుడు చిటికె కంటే తక్కువ. కెమెరా అదరదు కాబట్టి 1/30, చెయ్యి కుదురుగా ఉంటే 1/15 సెకను దాకా ట్రైపాడ్ లేకుండా తీయొచ్చు. ప్రయాణంలో ఇది ఎంత పెద్ద వరమో వాడితేగానీ తెలియదు.

ఈ జాతి అంతరిక్షం కూడా చూసొచ్చింది. 1962లో జాన్ గ్లెన్ భూమి చుట్టూ తిరిగినప్పుడు తీసుకెళ్ళిన కెమెరాల్లో ఒకటి ఆన్‌స్కో ఆటోసెట్. అది మినోల్టా హై-మ్యాటిక్‌కి అమెరికా పేరు. ఆయన దాన్ని ఒక మందుల షాపులో కొన్నాడు! తర్వాత 1977లో కొనికా సి35 ఏఎఫ్ వచ్చింది. తనంతట తానే ఫోకస్ చేసుకునే కెమెరాల్లో మార్కెట్‌కి పెద్ద ఎత్తున వచ్చిన మొదటిది అదే. ఇక మచ్చలో ఇద్దర్ని కలిపే ఓపిక జనానికి పోయింది.

సరే, ఏది కొనాలి? అందరూ మొదట లెన్స్ నంబరు చూస్తారు. ఎఫ్/1.7 ఉందా, ఎఫ్/2.8 ఉందా అని. నేను మొదట చూసేది వేరే: బ్యాటరీ చచ్చిపోతే ఈ కెమెరా ఏం చేస్తుంది?

ఈ ప్రశ్న నాకు మా నానమ్మ వల్ల వచ్చింది. తాతయ్య చివరి రెండేళ్ళ ఫొటోలన్నీ నాన్న ఫోన్లో ఉండేవి. ఆ ఫోన్ పోయినప్పుడు దాంతోపాటే పోయాయి. ఇంట్లో గోడ మీద ఉన్నది వాళ్ళ షష్టిపూర్తి నాటి స్టూడియో ఫొటో ఒక్కటే. అప్పటినుంచి నానమ్మకి ఫోన్ ఫొటో అంటే లెక్కలేదు. "అది ఫోటో కాదురా, నీడ" అంటుంది. మొన్న జనవరిలో సెమ్ సెలవుల్లో ఆవిడ్ని కాశీ తీసుకెళ్ళే డ్యూటీ నాకు పడింది. డెబ్భై ఆరేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. రెండోసారి వెళ్ళడం కుదిరే పని కాదని ఆవిడకీ తెలుసు, మాకూ తెలుసు. గోడ మీదకి ఎక్కే ఫొటోలు కావాలి, మళ్ళీ తీసే అవకాశం లేదు. అలాంటప్పుడు లెన్స్ ఎంత గొప్పదన్నది రెండో సంగతి. నొక్కితే తీస్తుందా లేదా అన్నది మొదటి సంగతి.

ఇక్కడ కొంచెం బ్యాటరీ పురాణం చెప్పుకోవాలి. ఈ కెమెరాల్లో చాలావాటికి పీఎక్స్625 అనే 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీ కావాలి. పాదరసం విషం కాబట్టి వాటి తయారీ ఆపేశారు. దాని గొప్పతనం ఏంటంటే, చివరిదాకా వోల్టేజీ నిలకడగా ఉండి ఒక్కసారిగా పడిపోయేది. లైట్ మీటర్లు ఆ నిలకడని నమ్ముకుని తయారయ్యాయి. ఇప్పుడు అదే సైజులో 1.5 వోల్టుల ఆల్కలైన్ దొరుకుతుంది. కానీ వోల్టేజీ ఎక్కువైతే చాలా కెమెరాల్లో మీటర్ సూది ఎక్కువ కదిలి, వెలుతురు ఎక్కువ ఉందనుకుంటుంది. ఫొటో చీకటిగా వస్తుంది. పైగా వాడుతున్నకొద్దీ ఆల్కలైన్ వోల్టేజీ దిగిపోతుంటుంది కాబట్టి, తప్పు ఎంతో లెక్కగట్టి సరిచేసుకుందామన్నా కుదరదు.

దీనికి మందు నిజంగా మందుల షాపులోనే ఉంది. చెవిటి మిషన్లలో వేసే 675 నంబరు జింక్-ఎయిర్ బ్యాటరీ. 1.4 వోల్టులు, అది కూడా నిలకడగా. సైజు కాస్త చిన్నది కాబట్టి చుట్టూ ఒక రబ్బరు రింగు తొడగాలి. స్టిక్కర్ పీకగానే గాలి తగిలి పని మొదలుపెడుతుంది, వాడినా వాడకపోయినా కొన్ని వారాల్లో ఆరిపోతుంది. అందుకే బ్యాటరీ అయిపోవడం ఈ కెమెరాలతో ఎప్పుడో జరిగే ప్రమాదం అనుకోకండి, టైంటేబుల్లో ఉన్న పీరియడ్ లాంటిది.

ఇప్పుడు ఒక్కోదాన్నీ ఆ ప్రశ్న అడుగుదాం.

యాషికా ఎలక్ట్రో 35. 1966లో మొదలైంది, 1973లో వచ్చిన జీఎస్ఎన్ మోడల్ ఎక్కువగా దొరుకుతుంది. 'ది అమేజింగ్ స్పైడర్‌మ్యాన్'లో పీటర్ పార్కర్ చేతిలో ఉండేది ఎలక్ట్రో 35యే. అందుకే మనవాళ్ళందరికీ ఇదే కావాలి. 45 ఎం.ఎం. ఎఫ్/1.7 లెన్స్ అద్భుతం, ఒప్పుకుంటా. అపర్చర్ మనం పెడితే షట్టర్ స్పీడు అదే చూసుకుంటుంది. కానీ షట్టర్ ఎలక్ట్రానిక్. బ్యాటరీ పోతే 1/500 ఒక్కటే మిగులుతుంది. అంటే ఎండలో పర్లేదు, నీడలోకి వస్తే ఆట ముగిసినట్టే. పైగా దాదాపు ముప్పావు కేజీ బరువు. హైదరాబాద్‌లో ఉండి ఆదివారాలు చార్మినార్ దగ్గర తిరిగేవాళ్ళకి హాయిగా సరిపోతుంది. భుజాన రెండు బ్యాగులు, చేతిలో నానమ్మ చెయ్యి ఉన్నవాడికి కాదు.

ఒలింపస్ ఎక్స్ఏ దీనికి పూర్తిగా రివర్స్. 1979, యోషిహిసా మైతాని డిజైన్. 225 గ్రాములు. మూత పక్కకి జరిపితే లెన్స్ బయటపడుతుంది, మూసి జేబులో వేసుకోవచ్చు. ఇంత చిన్నదాంట్లో నిజమైన రేంజ్‌ఫైండర్, 35 ఎం.ఎం. ఎఫ్/2.8 లెన్స్ ఎలా ఇరికించాడో ఆ మహానుభావుడికే తెలియాలి. దీనికి పాదరసం గొడవ లేదు, వాచీల షాపులో దొరికే ఎస్ఆర్44లు రెండు చాలు. కానీ అవి లేకపోతే చేతిలో ఉన్నది సబ్బుపెట్టె. ఎలక్ట్రానిక్స్ చెడిపోతే బాగుచేసేవాళ్ళు దొరకడం కూడా కష్టం. ట్రెక్కింగ్‌కి వెళ్ళేవాళ్ళు, ప్రతి గ్రామూ లెక్కపెట్టేవాళ్ళు ఇదే కొనుక్కోండి, రెండు బ్యాటరీలు ఎక్స్‌ట్రా పెట్టుకోండి.

కానొనెట్ క్యూఎల్17 జీ-3 1972 నాటిది. 40 ఎం.ఎం. ఎఫ్/1.7. క్యూఎల్ అంటే క్విక్ లోడ్, ఫిల్మ్ కొస గీత దాకా లాగి తలుపు మూస్తే చాలు, అదే పట్టుకుంటుంది. షట్టర్ స్పీడు మనం పెడితే అపర్చర్ అది చూసుకుంటుంది. అసలు సంగతి ఏంటంటే షట్టర్ మొత్తం మెకానికల్. బ్యాటరీ లేకపోయినా 1/4 నుంచి 1/500 దాకా అన్ని స్పీడులూ, అన్ని అపర్చర్లూ మన చేతిలో ఉంటాయి. మాన్యువల్‌లో పెడితే మీటర్ మాత్రం ఆగిపోతుంది, వెలుతురు మనమే చూసుకోవాలి. బరువు 620 గ్రాములు. రాత్రి వీధులు, కచేరీలు, పెళ్ళిళ్ళు మీ లిస్టులో ఉంటే నా ఓటు దీనికే.

నేను కొన్నది ఒలింపస్ 35 ఆర్‌సి. 1970లో వచ్చింది. 42 ఎం.ఎం. ఎఫ్/2.8, బరువు 400 గ్రాములకి కాస్త పైన. ఇది కూడా కానొనెట్ లాగే: ఆటో ఉంది, బ్యాటరీ లేకపోతే 1/15 నుంచి 1/500 దాకా చేత్తో నడిపించుకోవచ్చు. వ్యూఫైండర్ లోపలే స్పీడూ అపర్చరూ రెండూ కనబడతాయి. లైట్ మీటర్ కన్ను లెన్స్ చుట్టూ ఉన్న రింగులోనే ఉంది కాబట్టి, ఆటోలో ఉండగా లెన్స్ క్యాప్ తీయకుండా నొక్కితే షట్టర్ దిగదు. రేంజ్‌ఫైండర్‌లో మనం చూసేది లెన్స్‌లోంచి కాదు కదా, క్యాప్ ఉన్నా తెలియదు. కాబట్టి ఇది చిన్న విషయమేం కాదు.

ఎఫ్/1.7 వదులుకుంటే ఎంత పోయినట్టు? లెక్క సులువే. 2.8ని 1.7తో భాగించి వర్గం చేస్తే దాదాపు 2.7 వస్తుంది. అంటే ఎఫ్/2.8 దగ్గర 1/15 సెకను కావాల్సిన చోట ఎఫ్/1.7తో 1/40 సరిపోతుంది. తేడా ఉంది, లేదనను. దశాశ్వమేధ ఘాట్‌లో సాయంత్రం హారతి దగ్గర నాకు అది బాగానే తెలిసింది. దీపం పట్టుకున్నవాళ్ళ చేతులు చెదిరిపోయాయి. కానీ 200 గ్రాముల బరువు తగ్గడం వల్ల కెమెరా రోజంతా నా మెడలోనే ఉంది, సత్రంలో బ్యాగులో కాదు. రెండూ కావాలంటే 1977 నాటి మినోల్టా హై-మ్యాటిక్ 7ఎస్-2 ఉంది. సైజు ఆర్‌సికి దగ్గర, లెన్స్ 40 ఎం.ఎం. ఎఫ్/1.7, మాన్యువల్ కూడా ఉంది. దొరికితే వదలకండి. నాకు దొరకలేదు.

దానాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో పగలూ రాత్రీ కూర్చుని దిగాక, కేదార్ ఘాట్ దగ్గర సత్రంలో ఉన్నాం. రెండో రోజు తెల్లవారుజామున పడవ ఎక్కాం. ఒకటే పొగమంచు. స్టిక్కర్ తీసి నెల దాటిన బ్యాటరీ, చూస్తే సూది కదలట్లేదు. ఇంకోటి సత్రంలో ఉంది, మేము నది మధ్యలో ఉన్నాం. కెమెరాలో 400 స్పీడు బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్. ఫోన్లో లైట్ మీటర్ యాప్ తెరిస్తే ఎఫ్/2.8, 1/30 అంది. రింగులు అలా పెట్టి తీయడం మొదలుపెట్టా. కాసేపటికి సూర్యుడు పలచగా పైకొచ్చాక 1/125, ఎఫ్/5.6. నానమ్మ దోసిట్లో నీళ్ళు పట్టి ఏదో గొణుక్కుంటోంది, తాతయ్య పేరు వినబడింది. ఎదురుగా రెండు గజాల దూరంలో కూర్చుని తీస్తున్నా ఆవిడ తల తిప్పలేదు, ఆ చప్పుడు తెడ్డు చప్పుడులో కలిసిపోయింది. ఆ పడవలో పదకొండు తీస్తే తొమ్మిది బాగా వచ్చాయి. అదే ఎలక్ట్రో అయితే సూర్యుడు పైకి రాకముందు ఆ మంచులో 1/500 దగ్గర ఒక్కటి కూడా సరిగ్గా వచ్చేది కాదు. (కాశీలో ఇష్టమైనది ఒకటి వదిలేయాలంటారు కదా, ఆవిడ కాకరకాయ వదిలేసింది. కాకరకాయ ఆవిడ జన్మలో తినలేదు.)

యాప్ కూడా లేకపోతే సన్నీ సిక్స్‌టీన్ ఉంది. ఎర్రటి ఎండలో ఎఫ్/16 పెట్టి, ఫిల్మ్ స్పీడు ఎంతో షట్టర్ దానికి దగ్గరగా పెట్టాలి. 200 ఫిల్మ్ అయితే 1/250. ఎండ కాస్త పలచబడితే ఎఫ్/11, మబ్బు పడితే ఎఫ్/8, చెట్టు నీడలో ఎఫ్/4. మన ఎండలకి దీన్ని మించిన మీటర్ లేదు.

ఇక కొనడం. జపాన్ నుంచి ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు, కానీ షిప్పింగ్, కస్టమ్స్ సుంకం కలిపి లెక్కేసుకున్నాకే ఆశపడండి. ఢిల్లీ చాందినీ చౌక్‌లో కూచా చౌధరీ కెమెరా మార్కెట్, ముంబైలో చోర్ బజార్, మనకి ఎర్రగడ్డ ఆదివారం సంత ఉన్నాయి. ఎక్కడైనా సరే చేతిలోకి తీసుకుని చూడకుండా డబ్బులివ్వొద్దు.

మాన్యువల్‌లో పెట్టి వెనక తలుపు తెరవండి. షట్టర్ 'బి'లో పెట్టి నొక్కి పట్టుకుని, అపర్చర్ పూర్తిగా తెరిచి, ఫోన్ టార్చ్ ముందునుంచి వేసి వెనకనుంచి చూడండి. సాలెగూడు పోగుల్లాంటివి కనబడితే అది బూజు. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్ళలో ఉన్న కెమెరాలకి ఇది మామూలే, లెన్స్ మొత్తం పాకితే మాత్రం వదిలేయండి. తలుపు అంచున నల్లటి స్పాంజి వేలికి జిగురులా అంటితే భయపడక్కర్లేదు, మార్చుకోవచ్చు, ఆ మేరకు బేరమాడండి. బ్యాటరీ గదిలో పచ్చటి తుప్పు ఉంటే అది వేరే కథ, లోపల తీగ కూడా తినేసి ఉండొచ్చు. దూరంగా సెల్ టవర్ వైపు చూసి రింగు చివరిదాకా తిప్పితే మచ్చలో రెండు టవర్లూ ఒకటవ్వాలి. ఒకదానిపై ఒకటి మెట్టులా నిలిస్తే రేంజ్‌ఫైండర్ తప్పింది. సెల్ఫ్ టైమర్ మీట జోలికి మాత్రం పోవద్దు. ఏళ్ళ తరబడి కదలనిది మధ్యలో ఇరుక్కుంటే షట్టర్‌ని కూడా బిగించేస్తుంది. యాషికా ఎలక్ట్రో అయితే లివర్ తిప్పేటప్పుడు లోపల 'టక్' అని వినబడాలి. వినబడకపోతే లోపలి చిన్న రబ్బరు ముక్క కరిగిపోయినట్టు, అప్పుడు షట్టర్ స్పీడులు అబద్ధం చెబుతాయి.

షట్టర్ స్పీడు పరీక్షకి నా టెక్నిక్ ఒకటుంది. ఫోన్ స్లో మోషన్‌లో సెకనుకి 240 ఫ్రేములు తీస్తుంది కదా. వెనక తలుపు తీసి, లెన్స్‌ని వెలుతురు వైపు పెట్టి, షట్టర్ నొక్కుతూ వీడియో తీయండి. తర్వాత ఒక్కో ఫ్రేమూ జరుపుతూ వెలుతురు కనబడ్డవి లెక్కపెట్టండి. 1/15 అయితే 16 ఫ్రేములు రావాలి, 1/30 అయితే 8, 1/60 అయితే 4. 1/15 దగ్గర 40 ఫ్రేములు వస్తే బ్లేడ్లకి జిడ్డు పట్టింది, సర్వీసింగ్ ఖర్చు కలుపుకోండి. 1/500 ఇలా కొలవలేం, అది ఒక్క ఫ్రేములోనే అయిపోతుంది. నేను షాపులో కూర్చుని ఇది చేస్తుంటే అమ్మే ఆయన మొదట నవ్వాడు, తర్వాత ఇంకో మూడు కెమెరాలు తెచ్చి "ఇవి కూడా చూడు బాబూ" అన్నాడు.

ఫిల్మ్ గురించి క్లుప్తంగా. ఒకప్పుడు ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ళు 'ఇందు' పేరుతో మన దేశంలోనే తయారుచేసేవాళ్ళు, ఇప్పుడు అది లేదు, అంతా దిగుమతే. రోల్ ధర, కడిగించే ఖర్చు, స్కానింగ్ కలిపి 36తో భాగించి ఒక్కో క్లిక్ ఎంత పడుతుందో ముందే చూసుకోండి. కెమెరా ధర ఒక్కసారే ఇస్తాం, ఇది ప్రతి ట్రిప్పుకీ ఇస్తాం. విమానంలో వెళితే ఫిల్మ్ చెకిన్ బ్యాగులో పెట్టొద్దు, అక్కడి స్కానర్లు పాడుచేస్తాయి. చేతి సంచిలో పెట్టుకుని, విడిగా చేత్తో చూడమని మర్యాదగా అడగండి. మే నెలలో కారు డ్యాష్‌బోర్డు మీద అస్సలు వదలొద్దు.

మొదటి రోల్ వేశాక ఒక పని మర్చిపోకండి. తలుపు మూసి, ఎడమవైపు రివైండ్ క్రాంక్‌ని మెల్లగా తిప్పి ఫిల్మ్ బిగువుగా చేసుకోండి. ఇప్పుడు లివర్ లాగుతుంటే ఆ క్రాంక్ కూడా తనంతట తాను తిరగాలి. తిరుగుతోందంటే ఫిల్మ్ కదులుతోంది. తిరగకపోతే వెంటనే తలుపు తీసి మళ్ళీ ఎక్కించండి. పోయేది మొదటి రెండు మూడు ఫ్రేములే.